ఖాళీ అనుకున్న ఫైలు

కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగిన ప్రమీలకు హైదరాబాదులో మంచి జీతమున్న ఉద్యోగమే ఉండేది. బట్టల దుకాణాల వెబ్‌సైట్లలో ఎన్నిసార్లు వద్దని నొక్కినా మళ్లీ ఎదురొచ్చే ప్రకటనలు తయారు చెయ్యడం ఆమె పని. కొన్నేళ్లు చేసి, విసుగెత్తి, సొంతూరికి వచ్చేసింది. భద్రాచలం అవతలి అడవి పల్లెల్లో జ్వరాల సర్వే చేసే ఒక సంస్థలో కంప్యూటర్ పనికి కుదిరింది. ఇక్కడైనా మనుషులకు అక్కరకొచ్చే పని చెయ్యొచ్చని ఆశపడింది. సంస్థ ఆ ఆశను కాదనలేదు. కాకపోతే అది కూడా నిబంధనల ప్రకారం ఉండాలంది.

సర్వే చేసేది రామక్క లాంటి ఊరి ఆడవాళ్లు. ఇల్లిల్లూ తిరిగి ట్యాబ్‌లో వివరాలు ఎక్కించి, సిగ్నల్ కోసం గుట్టెక్కి పంపాలి. ఫైలు సగం వెళ్లాక సిగ్నల్ పోతే మళ్లీ మొదటి నుంచి మొదలు. ఒకసారి ప్రమీల కూడా రామక్క వెంట గుట్టెక్కింది. రామక్క ట్యాబ్‌ను పక్కన బండ మీద పెట్టి, అలవాటైన దానిలా విస్తరాకులు కుట్టుకుంటూ కూర్చుంది. పొద్దు వాలినా ఫైలు కదల్లేదు.

"ఏంది బిడ్డా, జరాల ముచ్చట గంత బరువుంటదా?" అని అడిగింది.

ప్రమీల ఆఫీసుకొచ్చి ఫైలు తెరిచి చూసింది. నిజంగానే అంత బరువు ఉండాల్సిన పని లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, వాంతులు లేవు అన్న మాటలే మనిషి మనిషికీ తిరిగి తిరిగి వస్తున్నాయి. ఒకసారి రాసి, తర్వాత వచ్చిన ప్రతిచోటా 'పైన చెప్పిందే' అన్నట్టు ఓ చిన్న గుర్తు పెడితే సరిపోతుంది. ఫైలును కుదించడమంటే దాదాపు అంతే. అందుకు కొత్త యాప్ కూడా అక్కర్లేదు. సర్వే పేజీలోనే కాస్త జావాస్క్రిప్ట్ కోడ్ రాసింది. పంపేముందు ట్యాబ్‌లోని బ్రౌజరే ఫైలును కుదిస్తుంది. ఇటు ఆఫీసు బ్రౌజర్ దాన్ని మళ్లీ విప్పుతుంది. మధ్యలో ఒక్క అక్షరం పోదు. సర్వేవాళ్లంతా మండల కేంద్రానికి మీటింగ్‌కొచ్చిన రోజున కొత్త పేజీ ట్యాబుల్లోకి చేరింది. అప్పటి నుంచి రామక్క గుట్టెక్కి కొంగుతో చెమట తుడుచుకునే లోపే ఫైలు వెళ్లిపోయేది.

వానలు ముదిరాక ఒకనాడు గుట్ట మీద నుంచి రామక్క ఫోన్ చేసింది.

"మా గూడెంల దూలయ్య ఇంట్ల అందరు జరంతోని పడ్డరు. మొన్ననే పంపిన. మందులతోని ఎవ్వలూ రాలే. నీకు అందలేదా బిడ్డా?"

అందింది. పంపిన నిమిషంలోనే అందింది. అంతే చురుగ్గా, లెక్కలప్పుడు తప్ప ఎవరూ తెరవని 'ఖాళీ ఫైళ్లు' అన్న అరలోకి వెళ్లి పడింది. ఇంట్లో కూర్చుని ఉత్త ఫైలు పంపేవాళ్లను పట్టుకోవడానికి ప్రమీల రాకముందే సంస్థ ఒక హద్దు పెట్టుకుంది: అంతకన్నా చిన్న ఫైలు వస్తే అది ఖాళీ కిందే లెక్క. ప్రమీల ఫైలును విప్పింది. దూలయ్య, అతని భార్య, తల్లి, పిల్లలు, పేరు పేరునా జ్వరం ఉంది అని తెర నిండా కనిపించింది. పీహెచ్‌సీలో నర్సు నిర్మలాదేవికి ఫోన్ చేసింది. జీపు వాగు దాటదని నిర్మలాదేవి ట్రాక్టరెక్కి వెళ్లింది. రక్తపరీక్షలో మలేరియా తేలింది. దూలయ్యను భద్రాచలం దవాఖానాకు తరలించారు. అందరూ కోలుకున్నారు.

ప్రాజెక్టు మేనేజరు వెంకటకృష్ణది సత్తుపల్లి వైపు. చెడ్డవాడు కాదు. ప్రమీల చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు, బాధపడ్డాడు, టీ తెప్పించాడు. ఫైలును విప్పాకే కొలుద్దామని ఆమె అంటే, వచ్చింది వచ్చినట్టే కొలవాలని దాతలతో ఒప్పందం ఉందన్నాడు. ఒప్పందం మార్చాలంటే వాళ్ల బోర్డు కూర్చోవాలట.

"ఫైలును కొంచెం పెద్దది చెయ్యలేరా ప్రమీలగారూ?"

"జల్దీ పోవాలనే గద సర్, చిన్నగ చేసింది."

"అవునండీ. చిన్నది చేశాకే పెద్దది చెయ్యండి."

వేళాకోళమేమో అనుకుని ఆయన మొహంలోకి చూసింది. కాదు.

చేసింది. కుదించిన ఫైలు చివర, ఆ హద్దు దాటేంతవరకు, ఏ అర్థమూ లేని సున్నాలు చేర్చే కోడ్ రాసింది. ఇన్నేళ్లలో ఒక్క తప్పూ లేకుండా మొదటిసారే పనిచేసిన కోడ్ అదేనని గుర్తించి ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కానీ అక్కడితో ఆగలేదు. జ్వరం ఉంది అని ఎక్కితే చాలు, మనిషి పేరూ ఊరి పేరూ మాత్రమే, ఏ సున్నాలూ లేకుండా, నేరుగా నిర్మలాదేవి ఫోన్‌కు చేరేలా ఇంకో చిన్న పేజీ చేసింది. మేనేజరుకు చెప్పింది కూడా. ఒప్పందంలో లేని పేజీకి నిబంధనలేవీ లేవు కాబట్టి ఆయనకూ అభ్యంతరం లేకపోయింది.

ఏడాది చివర ఖమ్మంలో ఒక హోటల్లో సంస్థ సభ జరిగింది. చివరి మూడు నెలల్లో ఒక్క ఫైలు కూడా హద్దు కింద పడలేదని తెర మీద పచ్చగీత చూపించి, అది ప్రమీలగారి కృషి అన్నాడు వెంకటకృష్ణ. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పుతుండగా నిర్మలాదేవి నుంచి ఫోన్ వచ్చింది. ప్రమీల శాలువాతోనే బయటికి నడిచింది.

"కొత్తగ ముగ్గురికి జరమని వచ్చింది. ఆ ఊరు వాగుకు ఇటు సగం, అటు సగం ఉంటది. నేను ఏ దిక్కు పోవాలె?"

ఏ ఒడ్డన్న ముక్క ఆ పేజీలో లేదు. తేలిగ్గా ఉండాలని ప్రమీలే తీసేసింది. ఆ ఊరు సర్వే చేసే రామక్కకు ఫోన్ కలిసేదాకా మెట్ల మీదే నిలబడింది. అవతలి ఒడ్డని తెలుసుకుని నిర్మలాదేవికి చెప్పింది. ఆమె మందుల సంచీతో నాటు పడవ ఎక్కిందని తెలిశాకే లోపలికి వెళ్లింది. అప్పటికి సభ అయిపోయి అంతా భోజనాల దగ్గర ఉన్నారు. మర్నాడు కొత్తగూడెం చేరగానే ఆ పేజీలో ఊరి పేరు పక్కన ఒడ్డు కూడా చేర్చింది.