చిన్నాన్నకు కనబడని నక్క

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. చోడవరంలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాను. నా కొట్టుకొచ్చే మనుషుల్ని చూశాక, దెయ్యాలున్నా పెద్ద ఇబ్బంది ఉండదనిపించేది. శకునాలనూ అలాగే కొట్టిపారేసేవాణ్ణి. రెండేళ్ల కిందట ఒక ఉదయం జరిగింది మాత్రం ఎంత కొట్టినా పోవడం లేదు.

మా చిన్నాన్నకు గుండె ఆపరేషన్, విశాఖలో. బయల్దేరేటప్పుడు నక్క మొహం చూస్తే వెళ్లిన పని అవుతుందని మావైపు నమ్మకం. మా చెరుకు తోటల్లో నక్కలకేం కొదవ లేదు. పిన్నికి అవసరం పడిన ఆ వారంలో మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు.

“ఫోన్లో సూపించీమంటావేటి పిన్నీ?” అన్నాను.

“ఫోనెందుకురా? దీని తమ్ముడున్నాడు కదా, పిలవమను,” అన్నాడు చిన్నాన్న.

పిన్ని నవ్వలేదు.

నా వెటకారమంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయనకో లోపం ఉండేది. అబద్ధమాడితే కింది పెదవి వణికేది. నవ్వు ఆపుకోలేకపోయేవాడు.

ఆ ఉదయం ఆటోలో ముందు నేనూ, డ్రైవర్ నాయుడూ. వెనక వాళ్లిద్దరూ. ఎండ బాగా వచ్చేసింది. వడ్డాది దాటి చోడవరం దారిలో పడ్డాక నాయుడు బ్రేకు వేశాడు.

పది అడుగుల దూరంలో, నడిరోడ్డు మీద నక్క. బెదరలేదు. మావైపే చూస్తూ నిలబడింది.

“అద్గదిగో! సూడండి, సూడండి!” పిన్ని చేతులు జోడించింది.

చిన్నాన్న ముందుకు వంగాడు. “ఏదే?”

“ఎదురుగా ఉంది కదా బాబాయ్,” అన్నాడు నాయుడు.

పిన్ని ఆయన గడ్డం పట్టుకుని అటు తిప్పింది.

“కాళీ రోడ్డు సూపించి నక్కంటారేటి!” అన్నాడాయన.

నేను పెద్దగా నవ్వాను. నవ్వుతూనే అద్దంలో ఆయన పెదవి చూశాను. వణకలేదు.

నక్క నింపాదిగా చెరుకులోకి దిగిపోయింది. చూపు మందగించిందనడానికీ లేదు. అంతకు ముందే, ఎదురొచ్చే బస్సు బోర్డు మాకంటే ముందు ఆయనే చదివాడు.

ఆసుపత్రిలో థియేటర్ తలుపు దగ్గర నా మణికట్టు పట్టుకున్నాడు.

“ఒరే, నిజంగా ఉందేట్రా?”

నాకు ఒక్క జోకూ తట్టలేదు. “నేదు సిన్నాన్నా. నీకు దైర్నంగా ఉంటాదని ముగ్గురం నాటకమాడేం.”

“అనుకున్నాన్లే,” అని నవ్వాడు. స్ట్రెచర్ లోపలికి పోయింది. ఆయన ప్రాణంతో తిరిగి రాలేదు.

డాక్టర్లు కారణం చెప్పారు. నమ్మాను. అది గుండె సంగతి. నక్క సంగతి అడిగితే నన్నూ చేర్చుకునేవాళ్లు.

పిన్ని ఇప్పటికీ అడుగుతుంది: “మీ సిన్నాన్న సూసేడు కదరా? మనల్ని ఏడిపించడానికే అలాగన్నాడు కదా?”

“సూసేడు పిన్నీ. ఆయన సంగతి నీకు తెల్దేటి?” అంటాను.

ఒకే నక్క మీద నావి రెండు అబద్ధాలు. నక్క అక్కడుంది. ముగ్గురం చూశాం. ఎవరికి కనబడాలో ఆయనకే ఎందుకు కనబడలేదో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. అద్దంలో ఆ పెదవి ఒక్కసారి వణికి ఉంటే, ఇదంతా రాసే అవసరమే ఉండేది కాదు.