ఎక్స్‌పార్టీ

దివిసీమలో కోడూరు అవతల, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక పల్లెలో ఎవరైనా వేటకెళ్ళి తిరిగి రాకపోతే ‘ఎక్స్‌పార్టీ అయ్యాడు’ అంటారు. శవం దొరికినవాడికి ఆ మాట వాడరు. దొరకనివాడికే. బందరు కోర్టు వరండాలో ఉండాల్సిన మాట అంతదూరం ఎలా వెళ్ళిందో నాకు తెలుసు. ప్లీడరు గుమాస్తాగా తలపండినవాణ్ణి, ఇంగ్లీషు మాటని ఎవరైనా ఖూనీ చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం నోరు మూసుకుంటాను. దానికి కారణం వీరలక్ష్మి.

వీరలక్ష్మి ఎండుచేపలు అమ్మేది. పొద్దున్నే బస్సెక్కి బందరు, అక్కణ్ణుంచి పెడన. మగ్గాలవాళ్ళ గుమ్మాల ముందు బుట్ట దించిందంటే బేరంలో ఆమెని గెలిచినవాళ్ళు లేరు. మా ప్లీడరు మధుసూదనరావు గారి భార్య కూడా ఆమె దగ్గర ఓడిపోయి, ఓడిపోయినందుకే మళ్ళీ మళ్ళీ కొనేది. అలా మా ఆఫీసుకి పరిచయం.

ఆమె భర్త నాంచారయ్య పంతొమ్మిది వందల తొంభైలో, మే నెల తుఫానుకి ముందు వేటకెళ్ళాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు. తక్కిన ఇళ్ళలో పోయినవాళ్ళకి కర్మలు చేసుకున్నారు. వీరలక్ష్మి చెయ్యనివ్వలేదు. బొట్టు తియ్యలేదు. ఏడవనూ లేదు. తను ఏడిస్తే తనే అతన్ని చంపినట్టవుతుందని ఆమె భయం.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. బయటినుంచి పేరు పెట్టి పిలిస్తే ఎవరూ వెంటనే పలకరు. మూడో పిలుపుకే పలుకుతారు. పసిపిల్లలకి కూడా ఇది నేర్పుతారు. నీళ్ళలో పోయినవాడికి అంత ఓపిక ఉండదట. మొదటి పిలుపుకే పలికేస్తాడట, ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా పలకడట. ఇది తెలియక నేను మొదటిసారి ఆ ఊరెళ్ళినప్పుడు వీరలక్ష్మి గుమ్మంలో రెండుసార్లు పిలిచి, ఎవరూ లేరనుకుని, ఎండలో తిట్టుకుంటూ బస్టాపు దాకా వెనక్కి వచ్చేశాను.

ఏడేళ్ళు గడిచాయి. పడవలు బాగుచేసే గణపతి, భార్య పోయినవాడు, వీరలక్ష్మిని చేసుకుంటానన్నాడు. నెమ్మదస్తుడు. ఆమెకీ అతనంటే ఇష్టమే. గణపతి తల్లి మాత్రం అడ్డం తిరిగింది. రేపు నాంచారయ్య వచ్చి గుమ్మంలో నిలబడితే నా కొడుకు గతేంటి, కోర్టు కాగితం తెచ్చుకోమంది. ఆమె అడిగిందీ న్యాయమే. వీరలక్ష్మికి మాత్రం కాగితం కన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. అతను ఉన్నాడా, లేడా. ఉన్నాడేమో అన్న అనుమానం గోరంత మిగిలినా ఆమె ఇంకొకడి ఇంట్లో దీపం పెట్టదు. ఆ సంగతి నాతోనే అంది.

ఏడేళ్ళుగా అయిపూ అజా లేని భర్త నుంచి విడుదల ఇప్పించమని మా ప్లీడరు గారు పిటిషన్ వేశారు. అవతలి పార్టీ నాంచారయ్య. అతనికి నోటీసు వెళ్ళాలి. ఆఖరుగా కాపురమున్న ఇంటి తలుపుకి అంటించాలని రూలు. ఆ ఇల్లు వీరలక్ష్మిదే. తన తలుపు మీద మొగుడి పేరున అంటించిన కాగితాన్ని దాటుకుంటూ ఆమె కొన్నాళ్ళు లోపలికీ బయటికీ తిరిగింది. గాలి కొడితే అది తలుపుని తట్టేదట. చింపెయ్యడానికి చెయ్యి రాలేదంది.

వాయిదా రోజు వాన. కోర్టు వరండాలో తడిసిన జనం కిక్కిరిసి ఉన్నారు. అతను రాకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారని పక్కవాళ్ళెవరో ఆమెకి చెప్పారు. ఆమె నా దగ్గరికొచ్చి, ఎక్స్ ఎమ్మెల్యే అంటే ఒకప్పటి ఎమ్మెల్యే కదండీ, అట్టాగే ఎక్స్‌పార్టీ అంటే ఒకప్పటి మనిషేగా అంది. అలా అంటున్నప్పుడు ఆమె మొహం కాస్త తేటపడింది.

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ నా నోరు ఊరుకోదు. అది లాటిన్ మాటనీ, ఎక్స్ అంటే అక్కడ ‘నుంచి’ అనీ, పార్టే అంటే పక్క అనీ మొదలుపెట్టాను. పార్టీ అన్న మాట కూడా ఆ వేరు నుంచే పుట్టిందనీ, మొదట్లో దానికి వాటా, పాలు అనే అర్థమనీ, ఇంగ్లీషు కోర్టుల్లో పడి వాదులాడుకునే ఒక పక్షం అయిందనీ, తర్వాత జెండా పార్టీ, విందు పార్టీ, చివరికి మనవాళ్ళ చేతిలో పడి కొట్టుకి వచ్చిన బేరం కూడా పార్టీ అయి కూర్చుందనీ దంచాను. ఎక్స్‌పార్టీ అంటే మనిషి లేడని కాదమ్మా, ఒక పక్క మాటే విన్నారని, అని ముగించాను.

ఆమె మొహం మళ్ళీ ముడుచుకుపోయింది.

“మరి రెండో పక్క ఎవరింటారండీ?”

పిలుస్తారమ్మా, మూడుసార్లు పిలుస్తారు, వస్తే వింటారు అన్నాను. మూడుసార్లు అన్న మాట వినగానే ఆమె నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పిలిచేది బంట్రోతు భూషణం. గొంతు కంచు. పనిలో రైలు లాంటివాడు, మూడు పిలుపులూ ఒక్క ఊపిరిలో కానిచ్చేసి లోపలికి తిరిగేవాడు. ఆ రోజు గుమ్మంలో నిలబడి, “నాంచారయ్యా...” అని ఒక్కసారి పిలిచి ఆగిపోయాడు. మెట్ల వైపు చూశాడు. తర్వాత పక్కకి జరిగాడు, ఎవరికో దారి ఇస్తున్నట్టు. నాకు పెంకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. గుమ్మం ఖాళీగా ఉంది. లోపల జడ్జిగారు గొంతు సవరించుకున్నారు. భూషణం ఉలిక్కిపడి రెండోసారి పిలిచాడు. వీరలక్ష్మి కళ్ళు మూసుకుంది. మూడోసారి పిలిచాడు. ఆమె పెదాలు కదిలాయి, పలుకు పలుకు అని బతిమాలుతున్నట్టు. ఎవరూ పలకలేదు.

నాంచారయ్యని ఎక్స్‌పార్టీ చేశారు.

నేను భూషణం దగ్గరికెళ్ళి, ఎందుకు ఆగావయ్యా అని అడిగాను. వాడు నన్నే వింతగా చూశాడు.

“మొదటి పిలుపుకి ‘వస్తన్నా’ అన్నాడు కదండీ. మరి లోపలికి రాలేదేంటి?”

వెనక్కి తిరిగి చూస్తే వీరలక్ష్మి మెట్ల మీద, వానలోనే కూలబడి ఉంది. ఏడుస్తోంది. ఏడేళ్ళ ఏడుపు. కొంగుతో నుదుటి బొట్టు తనే తుడిచేసుకుంది. డిక్రీ రావడానికి ఇంకా వాయిదాలున్నాయమ్మా, అప్పుడే ఇదేంటి అన్నాను.

“కోర్టువారు ఒక పక్కే ఇన్నారు బాబూ,” అంది. “రెండో పక్క నేనిన్నాను.”