లోన్ మీద పంపే సార్

మా ఫుట్‌బాల్ సార్ మొన్న మంగళవారం పొద్దున సిద్దిపేట దవాఖానలో చనిపోయారు. ఆయన గురించి నెమ్మదిగా, కొన్నాళ్ళు ఆగి రాయాలని ఉంది. కానీ ఆయన నడిపిన ఆడపిల్లల జట్టుకు అంత వ్యవధి లేదు. శిక్షణ ఇచ్చేవారి పేరు ఈ నెలాఖరులోపు రాసివ్వకపోతే జట్టును జిల్లా పోటీల్లోకి తీసుకోబోమని పోటీలు నడిపేవాళ్ళు చెప్పారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

సార్ మెత్తని మనిషి అని రాస్తే ఆయన దగ్గర ఆడినవాళ్ళు నవ్వుతారు. బాగా ఆడారన్న మాట ఆయన నోట మేమెప్పుడూ వినలేదు. ఓడిపోయి వెక్కుతుంటే, "ఏడువుండ్రి, కని గీత అవుతల ఏడువుండ్రి. లోపట నీళ్ళు చల్లెతందుకు ట్యాంకర్ వస్తది" అనేవారు.

మా బాపు దౌల్తాబాద్ దగ్గరి పల్లెలో తాళ్ళు గీసి కల్లు తీస్తాడు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. ఒకసారి నా ఆట చూడాలని బాపు ఆ రోజు చెట్లను చిన్నాయినకు అప్పజెప్పి బస్సెక్కి వచ్చాడు. సార్ నన్ను ఆట మొత్తం పక్కన కూర్చోబెట్టారు.

"గీడ కూసుండవెట్టెతందుకేనా సార్, పిల్లను తోలుకొచ్చింది?" అని అడిగాడు బాపు.

సార్ ఆయన వైపు తిరగను కూడా లేదు. "కూసునుడు గూడ నేర్సుకోవాలె. నీ బిడ్డకు గదే వస్తలేదు."

బాపు మళ్ళీ ఎన్నడూ ఆట చూడటానికి రాలేదు.

ఆదివారం పొద్దున ప్రాక్టీసు అయ్యాక సార్ బంతికి ఫోన్ ఆనించి, జపాన్‌లో జరుగుతున్న మ్యాచ్ పెట్టేవారు. అందులో మాకంటే కొంచెం పెద్దవాడైన ఒక కుర్రాడు ఉండేవాడు. పేరు మాకెవరికీ నోరు తిరగక "మనోడు" అనేవాళ్ళం. బడిలో ఉండగానే పెద్ద క్లబ్బు తీసుకుంది. మొదటి ఏడాదంతా బెంచీ మీదే ఉంచింది. చివరికి ఒకరోజు ఆఖరి నిమిషాల్లో దింపితే, వెనక్కి ఇవ్వబోయిన బంతిని తిన్నగా ఎదుటివాడి కాళ్ళకే ఇచ్చాడు. గోల్ పడింది. మేమందరం అయ్యో అన్నాం. సార్ ఆ ముక్కనే మళ్ళీ పెట్టారు. "మొకం సూసుడు కాదు. కాలు సూడుండ్రి."

మరుసటి ఏడాది క్లబ్బు వాణ్ణి మంచు పడే ఏదో చిన్న ఊరి జట్టుకు లోన్ మీద పంపింది. అంటే ఒక సీజన్ ఆడి రమ్మని ఇంకో జట్టుకు ఇవ్వడం. ఇంట్లో చెబితే మా అమ్మ చేస్తున్న పని ఆపేసింది. "లోన్‌ల వెట్టిన్రా? ఎవలి పిల్లగాడో ఏమో, తాకట్టు వెట్టిన్రా? వాళ్ళవ్వకు ఎర్కేనా?"

ఈ మాట చెప్పినప్పుడు సార్ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ మాటను ఊరికే పోనివ్వలేదు కూడా. ఎదుటి జట్టులో ఆడేవాళ్ళు తక్కువైతే మాలో ఒకరిని అటు పంపడం ఆయనకు అలవాటు. అప్పటినుంచి, "ఇయ్యాల నువ్వు తాకట్టు" అని వేలు చూపించేవారు.

జగదేవ్‌పూర్ జట్టు వచ్చిన రోజు ఆ వేలు నా వైపు తిరిగింది. వాళ్ళ జెర్సీ వేసుకుని మా జట్టు మీదే గోల్ కొట్టాను. తిరిగి వెళ్ళేటప్పుడు మా గోల్‌కీపర్ ఆటోలో కాళ్ళు అడ్డం పెట్టింది. "తాకట్టు పిల్లా, మీ జట్టోళ్ళ ఆటోల పో."

మర్నాడు సార్‌ను అడిగాను. "నేను పనికిరానని పంపిన్రా సార్, పనికొస్తనని పంపిన్రా?"

"గోల్ కొట్టినవ్ గద. ఇంకేం గావాలె?"

ఎన్నిసార్లు అడిగినా అంతకు మించి చెప్పలేదు. ఇక చెప్పేవాళ్ళు లేరు.

సోమవారం దవాఖానకు వెళ్ళాను. సార్ ముందు అడిగింది మనోడి గురించే. సొంత క్లబ్బు వాణ్ణి ఇక వద్దనుకుందని నాకు ఆ వారమే తెలిసింది. చెప్పొద్దని మంచం పక్కనున్న సార్ భార్య, మా మేడమ్, కళ్ళతో సైగ చేశారు. సార్ చూశారు. "ఆమెను సూడకు. చెప్పు."

"ఇడిచిపెట్టిన్రు సార్. ఇంకా ఎవలూ తీసుకోలే."

"వయసెంత వానికి?"

"ఇరవై రెండు."

ఊఁ అని గోడ వైపు తిరిగారు. మళ్ళీ నాతో మాట్లాడలేదు. తెల్లారి ఫోన్ వచ్చింది.

మా పల్లెల్లో ఆడపిల్ల ఆడితే రెండు చప్పట్లు కొట్టి ఇంటికి పంపేస్తారు. తప్పు ఎక్కడ చేసిందో ఎవరూ చెప్పరు. సార్ చెప్పారు. అది ఎప్పుడూ నొప్పిగానే ఉండేది. నన్ను ఆడగలిగే మనిషిగా చూసి మాట్లాడింది మాత్రం ముందుగా ఆయనే.

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఈ పని నా ఒక్కదానితో కాదు. పిల్లలు ఇప్పటికీ రోజూ సాయంత్రం గ్రౌండుకు వచ్చి, రెండు జట్లుగా విడిపోయి, ఈల ఊదేవాళ్ళు లేక ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడి ఉంటున్నారు. సార్ దగ్గర ఆడినవారు ఎవరైనా వారానికి రెండు సాయంత్రాలు రాగలరా? ఈ నెల ఇరవై ఐదో తారీఖులోపు ఈ పత్రికకే రాయండి. వస్తానని రాయండి, లేదా రానని రాయండి. చూద్దాం అని మాత్రం రాయకండి.