ఎవలన్న అనేటోడు

నా చిన్నప్పుడు మక్తల్ దిక్కు మా ఊర్లె పేరు పెట్టి పిలుసుడు తక్కువ, వరుస పెట్టి పిలుసుడే ఎక్కువ. కులమేదైనా సరే మామ, బావ, చిన్నాయిన అనేటోళ్లం. ఆ పిలుపుల మనిషి పానం ఉంటదని మా నాయినను కన్న అవ్వను చూసినంకనే నాకు తెలిసింది.

ఆ వానకాలం మా దిక్కు చినుకు లేదు గని పైన ఎక్కడనో దంచికొట్టింది. పక్కింటి అక్క చంకల తన తమ్ముణ్ణి ఎత్తుకొని, వాగు ఇసుకల తవ్విన చెలిమె నీళ్లకు పోయింది. ఉన్నట్టుండి వాగొచ్చింది. ఆమె పిల్లగాణ్ణి అదుముకొని వాగు నడుమున్న బండరాయి ఎక్కింది.

ఊరంత ఒడ్డుకు ఉరికొచ్చింది. "ఎవలన్న పోండయ్యా, నా పిల్లలు!" అని వాళ్లమ్మ రొమ్ము కొట్టుకుంటాంది. ఈతొచ్చినోళ్లు శానామంది ఉన్నరు. అందరి కండ్లల్ల నీళ్లే, ఒక్కని కాలు కదల్లే. ఒకని మొఖం ఒకడు చూసుడే. పదిమందిల పాము సావదంటరు, గదే అయింది. నీళ్లు బండ మీదికొచ్చినయి.

అప్పుడు మా అవ్వ గుంపును తోసుకుంట వచ్చి ఒకాయన రెక్క పట్టి గుంజింది. "అల్లుడా, నువ్వు బాయి మోకు తే. మరిదీ, నువ్వు కొస పట్టు. కొడుకా, నువ్వు దిగు. నిన్నే, ఇంకెవర్ని చూస్తున్నవ్?"

నిద్రల నుంచి లేచినట్టు ముగ్గురు కదిలిన్రు. అక్కను ఒడ్డుకు చేర్చిన్రు. మోకు అందకముందే పిల్లగాడు ఆమె చేతుల నుంచి జారిపోయిండు.

ఆ పొద్దు అవ్వ బువ్వ ముట్టలే. "ఎవలన్న అనేటోడు మనూర్లె ఎవడున్నడు బిడ్డా, పిలిస్తె వచ్చెటందుకు?" అని కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది.

మొన్న నారాయణపేట రోడ్డు మీద బండి మీదికెల్లి పడ్డ ఒక పిల్ల నెత్తుట్ల ఉన్నది. చుట్టూ సెల్‌ఫోన్లు పట్టుకొని నిలబడ్డరు. "ఎవరన్న అంబులెన్స్‌కు చెప్పుండ్రి" అని అందరూ అనేటోళ్లే. నాకు ఒళ్లు మండింది. "నీలి అంగీ అల్లుడా, నువ్వు ఫోన్ చెయ్. కోడలా, నీ చున్నీ ఇటియ్యి" అన్న. ఇద్దరూ కదిలిన్రు.

దవాఖానల ఆ పిల్ల తల్లి నా చెయ్యి పట్టుకొని, "మాకేమైతవమ్మా?" అని అడిగింది.

"నీ బిడ్డకు అవ్వనైత" అన్న.

వాగుల పోయిన పిల్లగాడు నాకు తమ్ముని వరుస. ఒడ్డున అంతమందిమి ఉండి, వానికి ఎవలం కాకపోతిమి.