ఏకాదశి చేసిన నక్క

ఈ కార్తీకంలో ఒక పొద్దున ముగ్గు వేద్దామని వెనుక తలుపు తీసేసరికి, ముందురోజు సాయంత్రం అలికిన నేల మీద చిన్న చిన్న అడుగులు కనిపించాయి. కుక్క అడుగులైతే అటూ ఇటూ చెదిరి ఉంటాయి. ఇవి దారం పట్టి కొలిచినట్టు ఒకదాని ముందు ఒకటిగా వచ్చి, మందార చెట్టు కింద ఉన్న బండరాతి దగ్గర ఆగి, మళ్లీ అదే తీరులో కంచె వైపు వెళ్లిపోయాయి. ముగ్గు డబ్బా పక్కన పెట్టి అత్తమ్మను పిలిచాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించని ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, వంగి చూసింది. "దాని మనుమరాలో ఏమో. గుడ్డు తెప్పియ్యి బిడ్డా" అని, నేరుగా దేవుడి గదిలోకి పోయింది. దేవుడి గదికి పోతూ గుడ్డు తెప్పించమనే అత్తగారు బోధన్ మొత్తంలో నాకొక్కదానికే ఉంటుంది. ఈ మాట నేను ఎక్కడైనా గర్వంగానే చెబుతాను.

మా ఇల్లు ఊరు అయిపోయే చోట, ఎడపల్లి పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. పెరటి కంచె దాటితే పొలాలే. నేను కోటగిరి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ పొలాలన్నీ చెరకే. కంచె అవతల ఎప్పుడూ ఏదో గుసగుసలాడుతున్నట్టు ఆకు చప్పుడు, నరికే కాలంలో పచ్చి తీపి వాసన. ఆ చెరకులో నక్కలుండేవని ఊళలు వినే తెలుసుకున్నాం తప్ప వాటి ముఖం ఎప్పుడూ చూడలేదు. తర్వాత తర్వాత చెరకు తగ్గి వరి పెరిగింది. దాక్కునే చోటు కరిగిపోయాక, మా కంటికి కనబడక వాటికి తప్పలేదు.

మా ఇంట్లో తరాలుగా రెండు నియమాలు. ఒకటి, మాంసం, గుడ్డు గేటు దాటి లోపలికి రావు. రెండోది, వంట కాగానే దేవుడికి చూపించి, మనుషులు తినకముందే ఒక ముద్ద తీసి పెరట్లో బండ మీద పెట్టడం. అది ఫలానా జీవికని కాదు, ఆకలి ఉన్న ఏ ప్రాణికైనా సరే. నేను పురాణం చెప్పే తండ్రికి పుట్టి, పారాయణాలు వింటూ పెరిగినదాన్ని. అన్ని ప్రాణుల్లోనూ దేవుడే ఉన్నాడని చిన్నప్పుడే కంఠతా పట్టాను. ఆ దేవుడే ఒకనాడు కుంటుతూ వచ్చి మా పెరుగన్నం తింటాడని మాత్రం అనుకోలేదు.

కొన్నేళ్ల కిందట వానలు వెనుకబట్టిన రోజుల్లో, సంధ్యాదీపం పెట్టే వేళకు వచ్చింది మొదటి నక్క. పందుల కోసం ఎవరో పెట్టిన తీగ ఉచ్చులో పడి తప్పించుకున్నట్టుంది, ముందుకాలు వాచి, నేల మోపకుండా గాలిలో పట్టుకుని ఉంది. అటవీ శాఖ వాళ్లకు చెబితే, నడవగలిగే జంతువును పట్టుకుని బెదరగొట్టవద్దు, దాని మానాన దాన్ని వదలండి అన్నారు. అత్తమ్మ కుక్కలు రాకుండా కంచె కంతలు పూడ్పించింది, ఒక్క కంత మాత్రం నక్కకని ఉంచింది. అది రోజూ వచ్చి ముద్ద తిని, మందార నీడలో కాలు నాక్కుంటూ పడుకునేది. పెరుగన్నం, అరటిపండు, బెల్లం అటుకులు, ఏది పెట్టినా కాదనలేదు. ఏకాదశి వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో అన్నం వండరు కనుక దానికీ ఉడికించిన మొరంగడ్డే, అదే చిలగడదుంప. తిన్నది.

గోడ అవతలి ఇంటావిడ తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నవారి మనిషి. మాటలో ఆ యాస ఇప్పటికీ పోలేదు. తన కోళ్ల మీద బెంగతో గోడ మీదుగా రోజూ తొంగి చూసేది. "ఊళ్లో అందరూ నక్కతోక తొక్కితే చాలనుకుంటారండీ పెద్దమ్మగారూ, మీరేమో నక్కనే దత్తత తీసుకున్నారు. పైగా దానిచేత ఏకాదశి కూడానా?"

"నీ కోళ్ల జోలికొచ్చిందా?"

"ఇంకా రాలేదండీ."

"రాదు. అది సాధు నక్క" అంది అత్తమ్మ. ఆ అనడంలో ఎంత ధీమా ఉందంటే, ఆవిడ కోళ్లగూడుకు తాళం వేయడం మానేస్తుందేమోనని నాకే భయం వేసింది.

కాలు నిజంగానే బాగుపడింది. వాపు తగ్గింది, నక్క ముందు వేళ్ల కొసలు ఆనించింది, తర్వాత కుంటుతూ, ఆ తర్వాత కుంటకుండా నడిచింది. ప్రసాదం మహిమ అని శనివారం భజనకు వచ్చినవాళ్లందరికీ అత్తమ్మ చూపించేది. ఆ భజన మా వెనుక వరండాలోనే. హార్మోనియం మా చిన్నమామ, అంటే అత్తమ్మకు మరిది. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆయన వాయిస్తే ఆమె పాడటం. మామయ్య పోయిన తర్వాతి శనివారం కూడా ఆ పాట ఆగలేదు.

అలాంటి ఒక శనివారం, తాళాలు జోరందుకున్న వేళ, సాధు నక్క కంచె కంతలోంచి లోపలికి వచ్చింది. నోట్లో ఒక పెద్ద పందికొక్కు వేలాడుతోంది. దాన్ని తీసుకొచ్చి, రోజూ ముద్ద పెట్టే బండ మీదే పెట్టింది. తాళాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"వదినె, నీ భక్తుడు నైవేద్యం తెచ్చిండు" అన్నాడు చిన్నమామ. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అత్తమ్మ నవ్వలేదు. ఆమె కంత వైపు చూస్తోంది. అక్కడి నుంచి ఇంకో నక్క వచ్చింది. ఆడది. ఒంటి మీద బొచ్చు లేదు, గజ్జి పట్టి చర్మం చెట్టు బెరడులా పగిలింది, తోక పాత జనపతాడులా ఉంది. చలికో దురదకో వణుకుతూ వచ్చి, మగడు తెచ్చిన తిండి ముందు కూలబడింది.

పశువుల దవాఖానలో డాక్టరుకు మావారు ఫోనులో ఫోటో చూపించారు. మందు ఇస్తాను, చలి ముదిరేలోగా బొచ్చు రాకపోతే ఇది బతకదు అన్నాడు. దాన్ని ముట్టుకోవద్దు, అది తిన్న చోటు ముట్టుకుంటే స్నానం చేయండి అని కూడా అన్నాడు. ఒక డాక్టరు మాట మా ఇంటి మడితో కలవడం అదే మొదటిసారి. కానీ మందు కోడిగుడ్డులో కలిపి పెట్టాలన్నాడు. అత్తమ్మ వినలేదు. పెరుగన్నంలో కలిపింది. నక్క వాసన చూసి తల తిప్పుకుంది. పాయసంలో కలిపితే బండ దగ్గరికే రాలేదు. మగనక్క చిన్నగా మొరిగి పిలిచినా కంచె దగ్గరే ముడుచుకుని పడుకుంది. పొద్దుటి మంచు చిక్కబడుతోంది. అత్తమ్మ దేవుడి ముందు కూర్చుని కూడా కిటికీలోంచి పెరట్లోకే చూసేది.

తర్వాతి శనివారం భజన మొదలుపెట్టే ముందు ఆమె లేచి నిలబడింది. "మీ అందరికి చెప్పే చేస్తున్న. రేపటి సంది ఈ పెరట్ల గుడ్డు పెడుత."

 చిన్నమామ హార్మోనియం మీది చేతులు తీశాడు. "అన్న పోయినంక సుత ఈ ఇంట్ల నియమం తప్పలే వదినె. ఒక్క నక్క కోసం తప్పుతవా?"

"ఆ ముద్ద ఎందుకు పెడుతున్నం మరిదీ? మన పుణ్యానికా, దాని కడుపుకా?"

"రెండిటికి."

"అది తినకుంటె పుణ్యం ఏడికెల్లి వస్తది?"

"గదంత నాకు తెల్వదు. గుడ్డు పెట్టిన ఇంట్ల నేను హార్మోనియం ముట్ట."

"దాని నోట్లె గా కోరలు ఎవలు పెట్టిన్రు? నేనా, నువ్వా?" అంది అత్తమ్మ, గొంతు పెంచకుండానే.

ఆయన హార్మోనియం మూసి, గుడ్డ చుట్టి, స్కూటరు మీద పెట్టుకుని ఎడపల్లిలో తన ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన వెనకే మరికొందరు లేచారు. మిగిలినవాళ్లం తాళాలతో పాడాం. శ్రుతి లేని పాట గుంజ లేని పందిరి. అత్తమ్మ గొంతు రెండుసార్లు తడబడింది. అయినా మంగళహారతి దాకా పాడింది.

మర్నాడు ఆమె స్నానం చేసి, పూజ చేసి, ముద్ద పెట్టింది. తర్వాత గోడ దగ్గరికి పోయి చేయి చాచింది. పక్కింటావిడ ఆ రోజు వేళాకోళం ఆడలేదు. గుడ్డును మోదుగాకులో పెట్టి అందిస్తూ, "నేను పగలగొట్టి ఇవ్వనాండీ?" అంది. "వద్దు బిడ్డా, నా చేతులతోనే కానియ్యి" అంది అత్తమ్మ. జీవితంలో గుడ్డు ముట్టని మనిషికి దాన్ని ఎంత గట్టిగా కొట్టాలో తెలియక, మొదటిసారి మెల్లగా, రెండోసారి మరీ గట్టిగా బండకు కొట్టింది. సగం చేతి మీద కారింది. మిగిలిన దానిలో మందు కలిపి బండ మీద పెట్టి వచ్చి, మళ్లీ తలస్నానం చేసింది. దయ మీద నేను విన్న ప్రవచనాలు చాలా. దయకు ఒక చప్పుడుంటుందని, అది రాతికి కొట్టిన గుడ్డు చప్పుడని ఆ పొద్దునే తెలిసింది.

నక్క బండను నాకి నాకి శుభ్రం చేసింది.

డాక్టరు చెప్పిన వరసలో మందు పడుతూ పోయింది, మందు లేని రోజుల్లో ఉత్త గుడ్డు. బెరడు రాలింది. కింద బూడిదరంగు చర్మం మెత్తబడింది. దాని మీద జొన్నకంకి నూగు లాంటి బొచ్చు మొలిచింది. తోక చాలా రోజులు సీసాలు కడిగే బ్రష్షులా ఉండి మాకు నవ్వు తెప్పించింది. ఏకాదశులు వచ్చాయి, పోయాయి. మేం ఉపవాసం, నక్కకు గుడ్డు.

చలి విరిగిన ఒక శనివారం, గేటు దగ్గర స్కూటరు ఆగింది. చిన్నమామ హార్మోనియం పట్టుకుని గడప అవతలే నిలబడ్డాడు. మందార కింద ఎర్రగా మెరిసే బొచ్చుతో ఆడనక్క తోక చుట్టుకుని పడుకుని ఉంది. కాసేపు దాన్నే చూశాడు.

"గిదేనా వదినె, గా తాడు తోకది?"

"గదే. నీకన్న ముందుగాల వస్తది భజనకు."

"శ్రుతి ఏమన్న పెడతదా?"

"నువ్వు రాకపోతివి, దాని ఊళకే పాడుతున్నం."

ఆయన నవ్వి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి తన చోట కూర్చున్నాడు.  ఆ సాయంత్రం అత్తమ్మ గొంతు ఎక్కడా తడబడలేదు.

ఎండాకాలంలో ఆ జంట మిగిలిన కాస్త చెరకు వైపు వెళ్లిపోయింది. గట్టు మీద పిల్లలతో కనిపించాయని పాలుపోసే ఆయన చెప్పాడు. పక్కింటి కోళ్లలో ఒకటి తగ్గిందని కూడా అదే వారం తెలిసింది. ఆవిడ ఆ మాట మా అత్తమ్మతో ఇప్పటివరకూ అనలేదు.

ఈ కార్తీకపు పొద్దున గుడ్డు నేనే పగలగొట్టాను, ఎంత గట్టిగా కొట్టాలో నాకు తెలుసు. మళ్లీ స్నానానికి పోతూ చూస్తే అత్తమ్మ కిటికీలోంచి చూస్తోంది, ఆ పాత ధీమాతోనే. నియమం కూడా నక్క ఒంటి మీది బొచ్చు లాంటిదే అనిపించింది. పాతది రాలుతున్నప్పుడు ఊరంతా చూస్తుంది, కొత్తది మొలిచేదాకా కనిపెట్టుకుని కూర్చునేది కాలం ఒక్కటే.