పెనాంగ్‌లో ముసలవ్వను సాగనంపిన మా బ్యాండ్

సిమెంటు ఫ్యాక్టరీ చేతులు మారిన ఏడాది, వానాకాలం మొదట్లో, కోర్పనా తాలూకా టౌన్‌షిప్ బడిలో నా ఉద్యోగానికి కొత్త పేరు పెట్టారు. అంతకుముందు నేను బ్యాండ్ మాస్టర్‌ను. పునర్వ్యవస్థీకరణ తర్వాత 'సహపాఠ్య కార్యక్రమాల సమన్వయకర్త'ను. హోదా పూర్తిగా పలికేలోపు చాయ్ చల్లారిపోయేది. జీతం మాత్రం కదల్లేదు. ఏ విభాగం ఉంచాలో, ఏది ఎత్తేయాలో తేల్చడానికి చంద్రపూర్ ఆఫీసు నుంచి దేశ్‌పాండే సాహెబ్ అనే డిప్యూటీ మేనేజర్ వచ్చారు. ఎత్తేయాల్సిన వాటిలో మా బ్యాండే మొదటిది. అయితే మలేషియాలోని పెనాంగ్‌లో జరిగే బడి బ్యాండ్ల ఉత్సవానికి అప్పటికే టికెట్లు కొనేశారు. చూసొచ్చాక తేలుస్తానని సాహెబ్ కూడా మాతో విమానం ఎక్కారు.

విమానాశ్రయంలో అధికారులు మా పెద్ద డ్రమ్మును నాలుగు దిక్కుల నుంచీ తట్టి చూశారు. లోపల మా పక్క రాజురా తాలూకా మొత్తం దాక్కుందని అనుమానం కాబోలు.

ఊరు చూసే రోజున వాయిద్యాలు బస్సులోనే ఉంచడం పద్ధతి. ఆ మధ్యాహ్నం మాత్రం దగ్గర్లోనే ప్రదర్శన ఉండటంతో, పిల్లలు గుడి, పాత బజారు చూసి వాయిద్యాలతోనే నడుస్తున్నారు. ముందు లక్ష్మి. ఆమె డ్రమ్ మేజర్, అంటే వెండి పూత కర్ర పట్టుకొని బ్యాండును నడిపే నాయకురాలు. కర్ర లేస్తే వాయించాలి, దిగితే ఆపాలి. నడుమ మాస్టర్ స్పృహ తప్పి పడిపోయినా ఆపకూడదు. ఆ క్రమశిక్షణ నేర్పింది నేనే.

సందు మలుపులో ఒక బండి ఎదురైంది. దాని మీద ఉన్న పూలతో మా జిల్లాలో ఏడాది పెళ్లిళ్లన్నీ చేసేయొచ్చు. ముందున్న కిరాయి బ్యాండువాళ్లు ఎండకు తాళలేక ఆగి నీళ్లు తాగుతున్నారు. బండికి కళ్లజోడు పెట్టుకున్న ముసలమ్మ ఫోటో కట్టి ఉంది. సాహెబ్ పూలు చూశారు, ఫోటో చూడలేదు.

లక్ష్మి ఫోటో చూసింది. వెనక్కి తిరిగి ఏదో సైగ చేసి, కర్ర లేపింది.

మోగింది ఉత్సవానికి నేర్పిన మార్చ్ కాదు. మా పల్లెల్లో నిండు వయసులో పోయినవాళ్లను సాగనంపేటప్పుడు కొట్టే డప్పు దెబ్బ. దానికి బంధువులు అడుగులేస్తారు. విన్నవాడి కాలు నిలవదు. సాహెబ్ కాలు అసలే నిలవలేదు. టై భుజం మీదికి విసిరి, రుమాలు గిరగిరా తిప్పుతూ నా దాకా ఆడుకుంటూ వచ్చి, పెళ్లికూతురు ఏదని అడిగారు.

"బండిలో పడుకొని ఉంది సార్," అన్నాను.

రుమాలు గాల్లోనే ఆగింది. బండి వెనక తెల్లబట్టల్లో ఉన్నవాళ్లంతా కొయ్యబారి మమ్మల్నే చూస్తున్నారు. నేను లక్ష్మి దగ్గరికి పరుగెత్తాను.

"ఆపు పిల్లా! సాహెబ్ బ్యాండే ఎత్తేస్తడు!"

"ఎత్తేస్తె ఎత్తేయనియ్యి సార్. ముసలవ్వ గద, సప్పుడు లేకుంట ఎట్ల పంపుతరు? మలుపు దాటినంక దించుత."

అన్నట్టే మలుపు దాటాకే కర్ర దించింది. ముసలమ్మ పెద్దకొడుకు, తానూ ముసలాయనే, మేమెవరమో మా గైడు చేత అడిగించాడు. సంగతి విని పిల్లలందరికీ తలా ఒక ఎర్ర దారం, ఒక మిఠాయి ఇప్పించాడు. అంతిమయాత్రకు వచ్చినవాళ్లకు అక్కడ అలా ఇస్తారట. తర్వాత ఆ పెద్దకొడుకు సాహెబ్ ఎదుటికి వచ్చి నడుము విరిగేంతగా వంగాడు. తన తల్లి కోసం ఆడిన మనిషి ఈయన ఒక్కరేనని ఆయన అంటున్నట్టు గైడు చెప్పాడు. సాహెబ్ కూడా వంగారు. ఎంతసేపటికీ లేవలేదు.

ప్రదర్శనకు ఆలస్యమై మా వంతు పోయింది. షీల్డు లేదు, చప్పట్లూ లేవు.

తిరిగొచ్చాక జరిగిన సమావేశంలో బ్యాండ్ వల్ల కంపెనీకి ఏం లాభమని పైవాళ్లు అడిగారు. సాహెబ్ గొంతు సవరించుకున్నారు. ఆ సేపట్లో ఒక బట్టీ సిమెంటు కాలి చల్లారేది. చివరికి ఉంచాలన్నారు. కారణం చెప్పలేదు. అంతా పిల్లల పుణ్యమని బడిలో అనుకున్నారు. డ్యాన్సు చూసిన సాక్షిని నేను ఎదురు కుర్చీలో కూర్చున్నందుకేమోనని నా అనుమానం.

స్వచ్ఛంద విరమణ తీసుకునే దాకా, చేరిన ప్రతి కొత్త జట్టుకూ మొదటి పాఠం అదే చెప్పాను: కర్ర ఎత్తే ముందు బండిలో ఎవరున్నారో చూడాలి. ఆ పాఠం అధికారులకు చెప్పేంత హోదా, అంత పొడుగు పేరు పెట్టినా, నాకు రాలేదు.