దొర బంగళాలో పాలు పొంగించిన రోజు

ఆ రోజుల్లో దేశం చేతులు మారడమంటే మాకు ఇల్లు చేతులు మారడం లాంటిదే. మలయాలో (ఇప్పటి మలేషియా) బాగన్ దాతుక్ ఊరి దగ్గర కొబ్బరి తోటలో పుట్టి పెరిగినవాళ్లం, అంతకన్నా పెద్ద వ్యవహారం మేమెక్కడ చూశాం? తెల్లవాళ్లు మలయాను వదిలేస్తున్నారన్న కబురు వచ్చింది మొదలు తోటలో ఎవరికీ పని మీద మనసు నిలవలేదు. తోట నడిపే తెల్లదొర తన బంగళాకు వెల్ల వేయించాడు, ముందు జెండా కర్ర పాతించాడు. వెల్ల వేయించాడంటే ఖాళీ చేస్తున్నట్టే కదా? అందరం అదే తేల్చేశాం. ఆ సంబరం అడుగున ఒక భయం కూడా ఉండేది: దొరతోపాటు మమ్మల్నీ ఓడెక్కించి, మా తాతలు బయల్దేరిన విశాఖపట్నంలో దించేస్తారేమోనని. నేనైతే విశాఖపట్నాన్ని పటంలో కూడా చూసి ఎరగను.

దానికి మందు మా పెద్దమ్మ కనిపెట్టింది. "పాలు పొంగించినోళ్లని ఇంట్లోంచి ఎవుడు గెంటేస్తాడ్రా?" అంది. కొత్త దేశం జెండా ఎక్కే వేళకు బంగళా వరండాలో తూర్పు వైపుకు పాలు పొంగాలి. పొంగితే ఈ నేల మాది. దొరకు ఇంగ్లీషులో చెప్పే పని నా మీద పడింది. (నేను బడి మెట్లెక్కలేదు. కొట్లో పొట్లాలు కట్టిచ్చిన ఇంగ్లీషు పేపర్లు చదివి నేర్చుకున్నాను. పొట్లం చిరిగిన చోట నా చదువూ చిరిగింది. అయినా ఇవాళ్టి డిగ్రీలవాళ్ల కంటే నయమే.)

ఆ ఉదయం డప్పులతో, దండతో, గుమ్మడికాయతో తోట తోటంతా బంగళాకు కదిలింది. పెద్దమ్మ ఇటుకలు పేర్చి, మా ఆవు పాలు పొయ్యి మీద పెట్టింది. నేను ఛాతీ విరుచుకుని, తమరు వెళ్లిపోతున్నారు గనుక మేము పాలు కాస్తున్నామని దొరకు విన్నవించాను. దొర దండ వేయించుకుని, ఎవరు వెళ్లిపోతున్నారని అడిగాడు. మారేది ప్రభుత్వమట, తోట కంపెనీదేనట, తాను ఎక్కడికీ పోవడం లేదట. ఆ మాట తెలుగులో చెప్పేసరికి డప్పులు ఆగిపోయాయి. నాకు ఒళ్లు మండింది (ఇప్పటికీ మండుతూనే ఉంది).

"ఇల్లు ఇచ్చేసినోడు ఇంట్లోనే ఉంటాడేటి?" అంది పెద్దమ్మ. అయినా పొయ్యి ఆర్పలేదు, నన్ను ఊదమంది. పచ్చి కొబ్బరి మట్టల పొగకు దొర కళ్లు నీళ్లు కారాయి. (వెనక నిలబడ్డవాళ్లు పాపం, వెళ్లలేక ఏడుస్తున్నాడనుకున్నారు.) తోట గుమాస్తా తాడు లాగుతున్నాడు, జెండా పైకి పోతోంది, పాలు మాత్రం అంచు దాకా వచ్చి నిలిచిపోయాయి. అందరం గిన్నె మీదికి వంగాం. మా మొహాలు చూసి ఏమనుకున్నాడో, దొర మోకాళ్ల మీద కూలబడి రెండో పక్క నుంచి తానూ ఊదాడు. పాలు చుయ్యిమని తూర్పుకే పొంగాయి.

ముందు చుట్టానికిచ్చి తర్వాత ఇంటివాళ్లు తాగడం మా ఆనవాయితీ. పెద్దమ్మ మొదటి గ్లాసు తిన్నగా దొర చేతిలో పెట్టింది. "ఇయ్యాల్టి నుంచి ఈయన మన సుట్టం. సెప్పరా" అంది. ఉన్నదున్నట్టు చెప్పాను. దొర గ్లాసు వంక, మా వంక చూసి, గటగటా తాగేశాడు.

ఆ చుట్టం చాలా ఏళ్లు కదలనే లేదు, అది వేరే సంగతి. ఇప్పుడు నేను ఇదే దేశంలో సుంగై పెటాని పట్నంలో మనవడి ఇంట్లో ఉంటున్నాను. పక్కింట్లో దిగిన హైదరాబాదు కంప్యూటర్ కుర్రాడు మొన్న మా వంటింట్లో నిలబడి, నా తెలుగు విని ముచ్చటపడి, ఇండియా నుంచి ఎప్పుడొచ్చారు తాతగారూ అని అడిగాడు. "నాను రావడమేటి? పాలు పొంగించి నిలబడ్డోళ్లం" అని అందుకున్నాను. ఈ కథ విని విని విసిగిన మనవడు, "తాతా, ఆయన సుట్టం లా" అన్నాడు, ఇక్కడివాళ్ల అలవాటుగా మాట చివర మలాయి 'లా' తగిలించి. ఈలోగా కాఫీకి పెట్టిన పాలు పొంగి స్టవ్ నిండా పారాయి. మనవడు గుడ్డ కోసం పరుగెత్తాడు. నేను మాత్రం ఏ వైపుకు పొంగాయో వంగి చూసుకున్నాను.